కోళ్ళు కర్ర ఎక్కే వేళ

ఎక్కదు. నాకు తెలుసుగా, ఎక్కదు. గుమ్మం దాకా వస్తుంది, మెడ సాగదీసి లోపలికి పెడుతుంది, ఈ కన్నుతో ఒకసారి ఆ కన్నుతో ఒకసారి చూస్తుంది, నేను నడుం పడిపోయేలా కట్టిన గూడుని తనిఖీకొచ్చిన ఆఫీసరులా పైకీ కిందికీ చూసి, ఊహూఁ అనుకుని, గోడకి ఆనించిన నిచ్చెన వైపు నడిచిపోతుంది. దాని వెనకాలే మిగతావన్నీ బారులు తీరి పోతాయి. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. దాని పేరు సూపర్వైజరు. పేరు పెట్టింది మావాడు. అప్పుడది గుప్పెడంత పిల్ల, అట్టపెట్టెలో తోటి పిల్లల్ని తొక్కుకుంటూ తిరిగేది. "నాన్నా, ఇది అచ్చం మా సూపర్వైజరే, పని చెయ్యదు, అందరి నెత్తినా ఎక్కుతుంది" అని పడీ పడీ నవ్వాడు. వాడు పోయాడు, ఇది మిగిలింది. ఎండ ఇంకా పెరట్లో నీళ్ళ డ్రమ్ము మీద సగానికి ఉంది. అది డ్రమ్ము దాటి, గోడ ఎక్కి, పూర్తిగా పోయేలోపు ఈ కోళ్ళు గూట్లోకెళ్ళి కర్ర ఎక్కి పడుకోవాలి. పడుకుంటే కోడలు రేపు పొద్దున వెళ్ళిపోతుంది. పడుకోకపోతే వెళ్ళదు. ఇందులో దాపరికమేమీ లేదు, ఇంట్లో అందరికీ తెలిసిన షరతే, పెట్టింది కూడా ఆ పిల్లే. ఎవరికీ తెలియని ముక్క ఒక్కటుంది, అది మొన్నటి నుంచీ నా నోట్లోనే ఉంది, మింగలేక కక్కలేక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చస్తున్నాను.

లోపల మా ఆవిడ కోడలి పెట్టె సర్దుతోంది. తాళం పడిన చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి మళ్ళీ తీసిన చప్పుడు, చీరలు తీసి మంచం మీద వేస్తున్నట్టుంది, మళ్ళీ పెడుతుంది, మళ్ళీ తాళం. పొద్దున్నించీ అదే పని. నేను ఏమన్నా అంటే ఒంటికాలి మీద లేస్తుంది కాబట్టి ఊరుకున్నాను. ఆ మాటకొస్తే ఇద్దరం ఒకే రకం పని చేస్తున్నాం, ఆవిడ పెట్టెతో, నేను గూటితో. నా ఒళ్ళో రంపం ఉంది. పళ్ళు నిన్ననే పదును పెట్టాను. పదును పెట్టిన రంపం ఒళ్ళో పెట్టుకుని కోళ్ళని చూస్తూ కూర్చున్న వడ్రంగిని ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు. ఏమనుకుంటే ఏంలే, చూసేవాళ్ళెవరున్నారు ఇక్కడ, గోడ, డ్రమ్ము, నిచ్చెన, ఈ గూడు.

గూడు అనడానికి నోరు రావడం లేదు నాకు, అది బీరువా. కట్టడం మొదలుపెట్టినప్పుడే అది బీరువా అయిపోయింది, నా చెయ్యి అలాంటిది. జీవితమంతా తలుపులూ బీరువాలూ పెట్టెలూ చేశాను. నేను చేసిన తలుపు వేస్తే లోపల దీపం ఉందో లేదో బయటివాడికి తెలియదు, నేను చేసిన బీరువాలో చీమ దూరదు, చెమ్మ చేరదు, అదీ నా పేరు, ఆ పేరు మీదే బతికాను. రెండు చెక్కలు కలిసిన చోట గోరు పెట్టి చూసుకోవడం నాకలవాటు, గోరు దిగితే విప్పి మళ్ళీ చేస్తాను. కోళ్ళ గూటికీ అలాగే గోరు పెట్టి చూశానండీ. సందులన్నీ లప్పంతో పూడ్చాను. లోపల ఉప్పుకాగితం పట్టాను. కోళ్ళు ఎక్కి పడుకునే కర్రని గుండ్రంగా చిత్రిక పట్టి, మెట్ల పక్కన వేసే చేతికర్రలా నున్నగా చేసి, పైన వార్నిష్ కూడా వేశాను, నా తలకాయ! కోడికి వార్నిష్! అది కాలు పెడితే సర్రున జారుతుంది, గోళ్ళు బిగించి వేలాడాలి తప్ప పడుకునేదేముంది. మా ఆవిడ వచ్చి చూసి, ముక్కు మీద వేలేసుకుని, "అద్దం కూడా పెట్టవయ్యా, తలలు దువ్వుకుంటాయి" అంది. నేను కోపంగా చూశాను గానీ లోపల లోపల గర్వంగానే ఉంది. అంత బాగా కుదిరింది మరి.

అప్పుడే కోడలు వచ్చింది. గూటి చుట్టూ ఒకసారి తిరిగింది, తలుపు తీసింది, వేసింది, తలుపు చట్రంలో అలా మెత్తగా కూర్చోవడం చూస్తే ఎవరికన్నా మెచ్చుకోవాలనిపిస్తుంది, మెచ్చుకుంటుందని చూస్తున్నాను. "మామయ్యా, గాలెక్కడి నుంచి వస్తుంది?" అంది. నేను నవ్వాను. "నా చేతి పనిలో గాలి దూరడమా!" అన్నాను, అలవాటైన మాట, పదిమంది దగ్గర వందసార్లు అన్న మాట, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాక ఆ పిల్ల మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది. తలుపు బార్లా తీసిపెట్టి లోపలికెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను చేతిలో ఉలితో. నాలుక్కి ఎముక లేదు కదా అని ఎంత మాటైనా అనేస్తాం.

మావాడు పోయింది అలాగే. చల్లగిడ్డంగిలో రాత్రి డ్యూటీ వాడిది, కూరగాయలూ పళ్ళూ పెట్టే గిడ్డంగి, పక్కనే పనివాళ్ళు నడుం వాల్చుకోవడానికి ఒక గది. ఆ చలికాలం మరీ దారుణంగా ఉండింది. ఎవరో బొగ్గుల కుంపటి తెచ్చిపెట్టారు, వీడు కిటికీ మూసి, తలుపు మూసి, తలుపు కింద సందులో గోనెసంచి కూడా కుక్కాడట. పడుకునే ముందు కోడలికి ఫోన్ చేశాడు. "ఇవాళ మాకు రాజభోగం, గది వెచ్చగా ఉంది, గాలి చొరబడకుండా మూసేశాం" అన్నాడట. వాడి తోటివాడిని లారీ దింపించడానికి పిలిచారు, వాడు బతికాడు. మావాడిని తెల్లారి చూస్తే నిద్రపోతున్నట్టే ఉన్నాడు, మొహంలో ఎరుపు కూడా ఉంది, లేపితే లేస్తాడనుకున్నాను, నిజంగానే భుజం పట్టి కుదిపాను. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు, అని డాక్టరు చెప్పాడు. గాలి ఆడి ఉంటే ఏమీ అయ్యేది కాదట. ఇంత కంత. కప్పు కింద ఇంత కంత ఉంటే చాలునట. డాక్టరు చేత్తో చూపించాడు ఎంత కంతో. ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ళ ముందుంటుంది నాకు, ఎక్కడ ఏ గోడ చూసినా ముందు కప్పు కిందకే పోతుంది నా చూపు.

ఎండ డ్రమ్ము అంచు దాటి గోడ ఎక్కింది. సూపర్వైజరు నిచ్చెన కింద నిలబడి ముక్కుతో రెక్క సర్దుకుంటోంది, ఏం తొందర, ఇంకా వెలుతురుందిగా అన్నట్టు. నిచ్చెన మెట్టు మీద ఎక్కడం నేర్చుకున్నాయి వెధవలు. ఆ మెట్టు వెడల్పుగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది, వెనక గోడ అడ్డం ఉంటుంది కాబట్టి గాలి కొట్టదు. కోడి తెలివితక్కువదని ఎవడన్నాడో గానీ, పడుకునే చోటు విషయంలో మాత్రం మనిషి కంటే నయం. పాదాలు చాపి, వాటి మీద పొట్ట ఆనించి, ఈకలతో వేళ్ళు కప్పుకుని కూర్చోవాలి దానికి. అందుకు బల్లపరుపు చెక్క కావాలి. ఇవన్నీ నాకు కోడలు చెప్పింది. వాళ్ళ పుట్టింట్లో కోళ్ళుండేవి, ఆ పిల్ల కోళ్ళ మధ్యే పెరిగింది. అసలు ఆ అట్టపెట్టె పిల్లల్ని మావాడు తెచ్చింది కూడా అందుకే, నీకు తోడుంటాయి నేను రాత్రి డ్యూటీకి వెళ్ళినప్పుడు అని. తెచ్చిన వారానికే వాడు వెళ్ళిపోయాడు. వంటింటి మూల బల్బు వెలుగులో పెట్టి ఆ పిల్లల్ని పెంచింది ఆ నెలంతా, ఏడుస్తూ నూకలు వేసేది, ఏడుస్తూ పెట్టె శుభ్రం చేసేది. అవి బతక్కపోతే ఆ పిల్ల కూడా బతికేది కాదేమో అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ తర్వాత మా ఇంట్లో కిటికీల యుద్ధం. యుద్ధమంటే అరుపులేం లేవు. రాత్రి నేను మూస్తాను, తెల్లారేసరికి తెరిచి ఉంటాయి. చలికి వణుకుతూ లేచి మూస్తాను, నీళ్ళు తాగడానికి లేచినప్పుడు చూస్తే మళ్ళీ బార్లా. కోడలు పడక గది తలుపు గడియ కూడా వెయ్యనివ్వదు. చివరికి మా ఆవిడే ఒకరోజు మూడు స్వెట్టర్లు, మూడు చెవులు మూసే టోపీలు తెచ్చి మంచం మీద పడేసి, "ఇదిగో, పెట్టుకుని పడుకోండి, ఇంకెవరైనా కిటికీ ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతాను" అంది. ఎవరైనా అంటే నేనేగా. అప్పటి నుంచి ఈ రెండు చలికాలాలూ ముగ్గురం దొంగల్లా టోపీలు పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని, గాలి మధ్య పడుకున్నాం. పడిశం పట్టింది, దగ్గొచ్చింది, ఎవరూ మూయలేదు. నేను మొదట్లో విసుక్కున్న మాట నిజమే, ఇప్పుడు మాత్రం గాలి లేని గదిలో నాకూ నిద్ర పట్టదు. అలవాటైపోయింది. ఈ పిల్ల వెళ్ళిపోతే ఏం చేస్తాం మేం? మూసేస్తామా? ముసలాళ్ళం ఇద్దరం, చలి కదా అని గబగబా మూసుకుని పడుకుంటామా?

సంబంధం తెచ్చింది కూడా మా ఆవిడే. కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళి, కళ్ళజోడుతో పాటు కోడలికి మొగుణ్ణి వెతుక్కొచ్చింది. ఆ కళ్ళజోళ్ళ షాపాయనే, నలభై దాటాడు, పెళ్ళి కాలేదు, అక్కగారూ తనూ ఉంటారు, మెల్లగా మాట్లాడతాడు, కొత్త జోడు అత్తయ్యకి చెవి వెనక నొక్కుతోందండీ అని కోడలు ఒకసారి అంటే, మర్నాడు తనే వచ్చి సరిచేసి వెళ్ళాడు. మంచివాడే. మంచివాడు కాకపోతే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏదన్నా వంక దొరికితే, గట్టిగా మాట్లాడినా, కాస్త తాగినా, కనీసం షాపుకి ఆలస్యంగా వెళ్ళే మనిషైనా, నేను కాదనేవాణ్ణి. ఏ వంకా లేదు, ఎలా ఛస్తాం. "మన కడుపున పుట్టిన పిల్లైతే ఇలాగే కూర్చోబెట్టుకునేవాడివా?" అంది మా ఆవిడ. సరే అన్నాను. కోడలు చాలా రోజులు సరే అనలేదు. తర్వాత అంది. అంటూనే షరతు పెట్టింది. వాళ్ళది మేడ మీద ఇల్లు, కోళ్ళని తీసుకెళ్ళడానికి లేదు, కోళ్ళుండే పాత రేకుల షెడ్డు కూలిపోయింది, వీటికి మంచి గూడు కట్టి, అవి అందులో కర్ర ఎక్కి పడుకోవడం నేను కళ్ళారా చూశాకే వెళ్తాను అంది. వాళ్ళు సరేనన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి సంతకాలకి ఒకరోజు అనుకుంటే అది వాయిదా పడింది, కోళ్ళు ఎక్కలేదని. ఇప్పుడు రేపు. రేపు పొద్దున అక్కగారు కారు తీసుకుని వస్తుంది.

ఇక నా నోట్లో ఉన్న ముక్క. ఆ రోజు ఆ పిల్ల మొహం చూశాక మర్నాడే బరమా తీసుకుని గూటి రెండు పక్కగోడలకీ కంతలు వేశాను. ఇటు ఒక వరుస, అటు ఒక వరుస. నా పనికి నేనే కన్నాలు పెట్టుకోవడం, మొదటి కంత వేసినప్పుడు పంటి నొప్పిలా అనిపించింది, వేశాను. అప్పుడు పడుకునే కర్ర కింద ఉండేది, గుడ్లు పెట్టే పెట్టెల కంటే కింద. కోడలు చూసి, "కర్ర వాటికంటే పైనుండాలి మామయ్యా, కోడి అన్నిటికంటే ఎత్తయిన చోటే వెతుక్కుంటుంది, లేకపోతే గుడ్ల పెట్టెల్లో పడుకుని అన్నీ పాడు చేస్తుంది" అంది. సరే, పైకెత్తాను. ఎత్తి బిగించాను. ఎక్కడికెత్తాను? సరిగ్గా నేను వేసిన కంతల ఎదురుకి. అటు కంతలు, ఇటు కంతలు, మధ్యలో కర్ర. ఆ సాయంత్రం కోడలు గూట్లోకి వంగి, కర్ర మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంది, కర్ర గట్టిగా ఉందో లేదో చూస్తోందనుకున్నాను. తర్వాత చెంగు మెడ చుట్టూ లాక్కుని లేచి, "రేపు చూద్దాం మామయ్యా" అంది. ఆ రోజు ఎక్కలేదు. మర్నాడు, అంటే మొన్న, ఎవరూ లేనప్పుడు నేను గూట్లోకి దూరి కూర్చుని ఒక సిగరెట్టు వెలిగించాను. పొగ ఎటు పోతుందో చూద్దామని. పొగ పైకి లేవనే లేదు. ఒక కంతలోంచి గాలి తోసుకొచ్చి, కర్ర పొడవునా పొగని ఈడ్చుకుంటూ అటు కంతల్లోంచి బయటికి లాక్కుపోయింది. కోడి కూర్చుంటే సరిగ్గా దాని మెడకి. రాత్రంతా మెడ మీద చల్లగాలి కొడుతుంటే ఏ ప్రాణి పడుకుంటుంది! గాలి వాటి తలల పైనుంచి పోవాలి, కప్పు కింద నుంచి. వాటి ఒంటి వేడీ, చెమ్మా, రెట్ట వాసనా పైకి లేచి అటు నుంచి పోవాలి, కింద మాత్రం నిశ్చలంగా ఉండాలి. కప్పు కింద ఇంత కంత. డాక్టరు చెయ్యి. అన్నీ ఒక్కసారి తెలిశాయి నాకు. ఏం చెయ్యాలో కూడా తెలిసింది, అరగంట పని. నా పని కొట్టంలో మిగిలిన ద్వారబంధం ముక్కొకటుంటే అప్పటికప్పుడే కొలత పెట్టి కోశాను, బల్లపరుపుగా, వెడల్పుగా, చిత్రిక పట్టకుండా, వార్నిష్ లేకుండా. కోసి, చేత్తో పట్టుకుని, కాసేపు నిలబడి, గూటి వెనక గోనెసంచి కింద దాచాను. దాచానంతే. ఎందుకు దాచావురా అంటే, ఇంకొక్క రోజు అనుకున్నాను. ఇంకొక్క రోజు ఆ పిల్ల పొద్దున్నే "మామయ్యా టీ" అంటుంది, ఇంకొక్క రోజు కిటికీలు తెరిచి ఉంటాయి. ఒక్క రోజులో ఏం పోతుంది అనుకున్నాను.

పోయింది. ఆ రాత్రే పిల్లి వచ్చి నిచ్చెన మీద నుంచి చుక్కల కోడిని ఎత్తుకుపోయింది. నిన్న పొద్దున కోడలు పెరడంతా ఊడ్చి ఈకలు ఏరింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఏ మొహం పెట్టుకుని దగ్గరికి వెళ్ళను. అప్పటికైనా ఆ చెక్క తియ్యొచ్చుగా? తియ్యలేదు. నిన్న సాయంత్రం కూడా ఇక్కడే ఈ బకెట్టు మీదే కూర్చుని, రంపం పదును పెట్టుకుంటూ కూర్చున్నాను, రాత్రికి మాత్రం నిచ్చెనని కోళ్ళతో సహా ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాను, ఏం ఘనకార్యమో. మా ఆవిడ పక్క నుంచి పోతూ, "నీకు రాని చెక్కపని కూడా ఉందన్నమాట ఈ లోకంలో" అంది. అంతే అంది. ఆవిడకి తెలిసే అందో తెలియక అందో, ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మాటల్లో ఇది నాకెప్పుడూ అంతుపట్టలేదు.

"మామయ్యా, టీ."

ఎప్పుడొచ్చిందో, గ్లాసు నా చేతికిచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఎండ గోడ మీద నుంచి కూడా పోయింది. వెలుతురు ఉంది గానీ ఎండ లేదు.

"మీ అత్తయ్య ఏం చేస్తోంది?"

"పెట్టిన చీరలే తీసి మళ్ళీ పెడుతోంది. నేను సర్దుతానంటే కసిరింది."

టీ వేడిగా ఉంది. ఇద్దరం కోళ్ళని చూస్తూ కూర్చున్నాం. సూపర్వైజరు ఒకసారి గూటి వైపు వచ్చింది, మెడ పెట్టింది, గాలి తగిలినట్టుంది, ఈకలు రేగాయి, వెనక్కి పోయింది. ఆ పిల్ల చూసింది. "ఇవాళ కూడా ఎక్కకపోతే ఆయనకి ఫోన్ చేస్తాను మామయ్యా, ఇంకో వారం ఆగమని" అంది.

ఇదేగా నాకు కావాల్సింది. ఇదేగా. "ఏమంటాడో" అన్నాను.

"ఏమీ అనడు." గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతోంది. "మొన్న ఒకటి అడిగాను ఆయన్ని. మీ పడక గదిలో పైన గాలి కంత ఉందా అని."

"నవ్వాడా?"

"నవ్వలేదు. లేదండీ అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. నిన్న ఫోన్ చేసి, గోడ కొట్టించానండీ, కప్పు కింద, జాలీ కూడా బిగించారు, మీరొచ్చి చూసుకోండి, చాలదంటే రెండో గోడకి కూడా కొట్టిద్దాం, అన్నాడు."

గోడ కొట్టించాడు. ఇంకా ఇంట్లో కాలు పెట్టని పిల్ల కోసం, ఎందుకని అడక్కుండా, గోడ కొట్టించాడు. నేను? నా ఇంట్లో రెండేళ్ళు తిరిగింది ఈ పిల్ల, రాత్రుళ్ళు లేచి లేచి కిటికీలు తెరుచుకుంది, ఒక్క గోడకి ఒక్క కంత వేశానా నేను, చేతిలో ఇన్ని పనిముట్లు పెట్టుకుని? వెయ్యలేదు సరికదా, వేసిన కంతల్ని మెడకెదురుగా పెట్టి, సరిచేసే చెక్కని గోనె కింద దాచి, పిల్లికి కోడిని పెట్టి, కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాను. గాలి చొరబడకుండా మూసేస్తున్నాను ఈ పిల్లని. బీరువాలు చేసే చెయ్యి కదా. చీమ దూరకుండా, చెమ్మ చేరకుండా, లోపల పెట్టి తలుపేసుకుందామనుకున్నాను. తలుపు కింద గోనెసంచి కుక్కి మరీ. ఛీ, ఏం బతుకు నాది! వాడుంటే ఏమనేవాడు, "ఏంటి నాన్నా ఇది" అనేవాడు, అంతకంటే ఏమీ అనేవాడు కాదు, అది చాలు నాకు. గ్లాసు కింద పెట్టాను. మోకాళ్ళు పట్టేశాయి, రెండు చేతులూ బకెట్టు మీద ఆనించి లేచాను.

"అమ్మాయ్, ఒక చెక్కుంది, పట్టుకురా."

ఎక్కడ అని అడగలేదు. తిన్నగా గూటి వెనక్కి వెళ్ళి, గోనె తీసి, దులిపి, పట్టుకొచ్చింది. నాకప్పుడు ఆ సంగతి తట్టలేదు, వెలుతురు పోతోందన్న కంగారులో ఉన్నాను. ముందు నున్న కర్ర ఊడబీకాను. ఎంత బాగా కుదిరిన కర్ర, పక్కన పడేశాను. కప్పు కింద ముందువైపు ఒక చెక్క, వెనకవైపు ఒక చెక్క, రెండూ మరలు తిప్పి తీశాను. అరచెయ్యి అడ్డం పెడితే పట్టేంత సందు పడింది రెండు వైపులా, ఆకాశం కనపడింది అందులోంచి. ఆ తీసిన రెండు చెక్కల్నే పక్కగోడల కంతల మీద పెట్టి మేకులు కొట్టాను, కంతలన్నీ మూసుకుపోయాయి. పైసందులకి జాలీ అడ్డం పెట్టి బిగించాను, పిల్లి చెయ్యి కూడా దూరకుండా. కోడలు మేకులు అందిస్తోంది, నేను చెయ్యి చాచే లోపే అందిస్తోంది. గోనె కింద దాచిన చెక్క ఇంకా వేలెడు పొడుగుంటే రంపంతో కోశాను, పొట్టు నా చెప్పుల మీద పడింది. వెడల్పు వైపు పైకి పెట్టి, వెనకగోడకి ఆనకుండా తోకలకి చోటు వదిలి, గుడ్ల పెట్టెల కంటే ఎత్తున బిగించాను. గోరు పెట్టి చూడలేదు. చేత్తో తడిమాను, గరుకుగా ఉంది, చాలు. కింద గడ్డి సర్ది బయటికొచ్చాను. ఊపిరి ఆడక గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నిచ్చెన తీసి కొట్టంలో పడేశాను, ఇక వాటికీ నాకూ దారి ఇదొక్కటే.

వెలుతురు నీలంగా మారింది. ఎక్కడో ఎవరో షట్టరు దించారు. సూపర్వైజరు నిచ్చెన ఉన్న చోట వెతుక్కుంది, లేదు, కొక్కొక్ అని తిట్టింది, నన్నే అయ్యుంటుంది. గూటి దగ్గరికి వచ్చింది. మెడ పెట్టింది. ఈకలు రేగలేదు. ఒక కన్ను, ఇంకో కన్ను. నేను ఊపిరి బిగపట్టాను. పక్కన ఆ పిల్ల నా చొక్కా చెయ్యి పట్టుకుంది, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు. అది కాలు లోపల పెట్టింది, గడ్డి మీద రెండడుగులు వేసింది, పైకి చూసింది, రెక్కలు ఒక్క ఊపు, కర్ర మీదుంది. అటూ ఇటూ జరిగి, పాదాలు చాపి, పొట్ట ఆనించి, కూర్చుంది. ఎక్కిందిరా నాన్నా, ఎక్కింది నీ సూపర్వైజరు. తర్వాత ఎర్రది, తర్వాత తోక లేనిది, తర్వాత అన్నీ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గొణుక్కుంటూ, ఒకదానికొకటి ఆనుకుని. చుక్కలది ఉండాల్సిన చోటు కూడా సర్దుకున్నాయి.

కోడలు లోపలికి వంగి కోళ్ళ మధ్య కర్ర మీద చెయ్యి పెట్టింది. తర్వాత చెయ్యి పైకి లేపి కప్పు కింద పెట్టింది. అక్కడ కాసేపు ఉంచింది. నాకు ఇక ఆగలేదు.

"నాకు మొన్ననే తెలుసమ్మా," అన్నాను. "గాలి మెడకి కొడుతోందని. తెలిసే ఊరుకున్నాను. ఆ కోడి పోయింది నా వల్లే."

ఆ పిల్ల చెయ్యి కప్పు కిందే ఉంది. ఇటు తిరగలేదు.

"నాకు అంతకు ముందు రోజే తెలుసు మామయ్యా. మీరు కర్ర పైకెత్తిన సాయంత్రమే."

అరచెయ్యి ఆనించింది కదా ఆ రోజు. చెంగు మెడకి చుట్టుకుంది కదా. చెక్క ఎక్కడుందో కూడా తెలుసు. కోళ్ళలో పెరిగిన పిల్ల, తెలియకపోవడమేంటి, నేనెంత గుడ్డివాణ్ణి!

"మరి చెప్పలేదేమే?"

"మీరెందుకు చెప్పలేదో అందుకే," అంది. నేను ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాను, జుట్టు నిండా రంపప్పొట్టు. ఇద్దరం ఏడ్చాం, దాచుకోకుండానే ఏడ్చాం, కోళ్ళు మాత్రం కదల్లేదు. గూటి తలుపు ఆ పిల్ల వేసింది, గడియ నేను పెట్టాను.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచో. నన్ను చూసింది, కోడల్ని చూసింది, గడియ పడిన గూటిని చూసింది. "చలి మొదలైంది, టోపీలు పెట్టుకోండి" అని లోపలికెళ్ళింది. మేం చేతులు కడుక్కుంటుంటే పెట్టె తాళం పడిన చప్పుడైంది. మళ్ళీ తీస్తుందేమోనని ఇద్దరం కుళాయి కట్టేసి విన్నాం. తియ్యలేదు.